గోడ మీద గిన్నె

మా ఆవిడ గురించి నాలుగు పేజీలు రాసివ్వమని భాస్కరరావు గారు అడిగి నెల దాటింది. ఆయన బొగ్గు కంపెనీలో ఆఫీసరు, ఈ బిలాస్‌పూర్‌లో మా తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి. ఉగాదికి ఒక సంచిక వేస్తున్నారట. అందులో బుజ్జమ్మ ఫొటో, ఆమె కుట్టిన బొంతల ఫొటోలు, వాటి కింద నా రాత. "ఆవిడ గురించి మీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు సూర్యం గారూ?" అన్నాడాయన. ముప్ఫై ఆరేళ్ళు గూడ్సు బండి వెనక డబ్బాలో కూర్చుని, బండి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అని తప్ప ఇంకేదీ రాయని గార్డుని నేను. ఆఖర్లో మా ఉద్యోగం పేరు మార్చి ట్రెయిన్ మేనేజర్ అన్నారు. బండిని మేనేజ్ చేశానేమో గానీ ఇంటిని మాత్రం నా వల్ల కాలేదు.

ఆయన అడిగింది మెచ్చుకోలు రాత. ఇది అది కాదు. బుజ్జమ్మ గురించి నిజంగా రాయాలంటే నేను చేసిన ఒక పని కూడా రాయాలి. అది రాయకుండా నాలుగు పేజీలు నింపుదామని మూడుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఒకే చోట, రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్ దగ్గర, కలం ఆగిపోయింది. అందుకని అక్కడిదాకా ముందు మామూలుగా చెప్పుకొస్తాను.

బుజ్జమ్మది చీపురుపల్లి దగ్గర పల్లె. ఐదో క్లాసుతో చదువు సరి. పెళ్ళయ్యాక ఎనభై ఆరు డిసెంబరులో నా వెంట బిలాస్‌పూర్ వచ్చింది. ఆమె తెచ్చుకున్న రేకుపెట్టెలో సగం వాళ్ళమ్మ కుట్టిన బొంతే ఉంది. పాత చీరలు నాలుగైదు పొరలు పరిచి, లావు సూదితో పొడుగు కుట్లు వేసిన బొంత. "రైల్వేవాడి పెళ్ళానికి రగ్గు దొరకదనుకున్నారా మీవాళ్ళు?" అని ఎగతాళి చేశాను. మూడో రోజుకి నాకు చలిజ్వరం వచ్చింది. ఇక్కడి డిసెంబరు సంగతి నాకు తెలియక కాదు, రగ్గు కొనడానికి బద్ధకించాను, అంతే. వారం రోజులు ఆ బొంతలోనే ముడుచుకుని పడుకున్నాను. ఆమె ఒక్క మాట అనలేదు గానీ, గంజి ఇచ్చేటప్పుడల్లా బొంత అంచు సర్ది నవ్వేది.

తర్వాత ఆమె కూడా కుట్టడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ బొంతల్లో బొమ్మలుండేవి కావు. ఈమె బొంతల్లో బొమ్మలొచ్చాయి. పెన్సిలుతో గీయదు, కాగితం మీద వేయదు. చీరలు నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, చుట్టూ రెండుసార్లు తిరుగుతుంది. కూర్చుంటుంది, కత్తిరిస్తుంది. నేను బాగానే ఉందనుకుని ఆరేసిన చొక్కా మర్నాటికి చిలక రెక్కలైపోయేది. అరపా నది, నది మీద వంతెన, వంతెన మీద బొగ్గు వ్యాగన్లు, వాటి చివర వేలెడంత గార్డు డబ్బా, అందులో నల్ల చుక్క. "ఆ చుక్క ఎవరే?" అంటే "నువ్వే" అనేది. ఇంకాస్త పెద్దగా కుట్టొచ్చు కదా అంటే, "ఎంత మనిషికి అంత గుడ్డ" అనేది.

రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు అప్పయమ్మది. ఆమె భర్త రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. ఆయన పోయాక, కూతురు ప్రత్యూషకి వయసొచ్చాక ఆఫీసులో ఆయన బదులు ఉద్యోగం ఇచ్చారు. క్వార్టరు అదే ఉంది. మా పెరడుకీ వాళ్ళ పెరడుకీ మధ్య ఛాతీ ఎత్తు గోడ. ముప్ఫై అయిదేళ్ళు ఆ ఇద్దరి స్నేహం ఆ గోడ మీదే నడిచింది. దానికో పద్ధతి ఉండేది. మూత పెట్టిన గిన్నె గోడ మీద ఉంటే, ఇది రుచి చూడు అని. ఖాళీ గిన్నె వెల్లకిలా ఉంటే, నాకేదో కావాలి, ఒకసారి ఇటు రా అని. పిలుపూ లేదు, కేకా లేదు. ఇద్దరికీ ఫోన్లు వచ్చాక కూడా, "గోడుండగా ఫోనెందుకే?" అనేది అప్పయమ్మ. ఇంకో మాట, మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదు. కూర లేకపోతే రెండు పచ్చిమిరపకాయలైనా, చిన్న బెల్లం ముక్కైనా వేసి పంపాలి. ఆ ముప్ఫై అయిదేళ్ళలో మా ఇంటినుంచి గిన్నె ఖాళీగా వెళ్ళడం నేను చూడలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఏప్రిల్ ఎవరూ మరిచిపోలేదు కాబట్టి వివరంగా చెప్పను. ఊరు మూశారు. బొగ్గు బళ్ళు ఆగలేదు గనక నాకు డ్యూటీ ఆగలేదు. నాతోపాటు ఉద్యోగంలో చేరిన రాజేంద్ర వారం రోజుల్లో పోయాడు. వాడి శవాన్ని వాడి పెళ్ళాం కూడా చూడలేదు. ప్రత్యూషకి జబ్బు సోకి ఆసుపత్రిలో చేర్చారు. అప్పయమ్మ ఇంట్లో ఒక్కతే మిగిలింది. బుజ్జమ్మకి ఎప్పటినుంచో ఆయాసం. అందుకని నేను ఆజ్ఞ జారీచేశాను. పెరట్లోకి నువ్వు అడుగు పెట్టకు, గిన్నెలు కడగడం, బట్టలారేయడం నా పని. ఆమె గొణిగింది గానీ విన్నది. రోజూ పొద్దున నేను పెరటి తలుపు తీసేసరికి లోపలినుంచి అడిగేది.

"గోడమీద గిన్నేటైనా ఉందేటి?"

"లేదు."

మొదటి రోజు నిజంగానే లేదు. రెండో రోజు, బుధవారం, ఉంది. చిన్న స్టీలు గిన్నె, వెల్లకిలా, ఖాళీగా. గోడకి అటువైపు దగ్గు వినిపించింది. మనిషి కనిపించలేదు, కింద కూర్చుందేమో. నేను అక్కడే నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. తలుపు పక్కనే నా జెండాల కర్ర ఉంది, ఎర్రదీ పచ్చదీ చుట్టి పెట్టినది. ఆ కర్ర చివరతో గిన్నెను అటువైపుకి తోశాను. చేత్తో ముట్టుకోవడానికి భయం వేసింది. గిన్నె అటు గచ్చు మీద పడి ఖంగుమంది.

"ఏటా సప్పుడు?" అంది బుజ్జమ్మ లోపలినుంచి.

"పిల్లి," అన్నాను.

"గిన్నుందేటి మరి?"

"లేదన్నానా!" అని కసిరాను.

బుజ్జమ్మ ఆయాసం కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా ప్రాణం కోసమే భయపడ్డాను. రాజేంద్ర నాకంటే రెండేళ్ళు చిన్న, నాకంటే గట్టివాడు. వాడే పోతే నేనెంత అనుకున్నాను. ఒక గిన్నెడు గంజి గోడ మీద పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుంటే సరిపోయేదని నాకు తెలియక కాదు.

గురువారం గోడ మీద ఏమీ లేదు. బుజ్జమ్మ ఫోను చేసినా అటు ఎత్తలేదు. తల్లి ఫోను ఎత్తడం లేదని ప్రత్యూష ఆసుపత్రి మంచం మీదినుంచే ఆఫీసులో ఎవరికో చెబితే, శుక్రవారం ఆసుపత్రి బండి వచ్చి అప్పయమ్మని తీసుకెళ్ళింది. బుజ్జమ్మ కిటికీ సందులోంచి చూస్తూ "ఒలప్పయా, ఒలప్పయా" అని పిలిచింది. స్ట్రెచరు మీది మనిషి తల తిప్పలేదు. నాలుగు రోజులకి కబురొచ్చింది. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి, ముందే వచ్చినా కష్టమయ్యేదన్నారు. ఆ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. గంజి తాగినా బతికేది కాదేమో. కానీ గిన్నె పెట్టి, ఆ గోడ కింద కూర్చుని ఎదురుచూసిన మనిషికి, తన గిన్నె తన పక్కనే వచ్చి పడింది. ఆ రెండు రోజులూ ఆమె ఏమనుకుని ఉంటుందో తలుచుకోవడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు.

ప్రత్యూష కోలుకుని ఇంటికొచ్చింది. చనిపోయినవాళ్ళ బట్టలు చాకలికో, లేనివాళ్ళకో ఇచ్చేయడం మనకు అలవాటు. ఆ ఏడాది పోయినవాళ్ళ బట్టలు ఎవరూ ముట్టలేదు. ఊరంతా ఇంటింటికీ ఒక మూట మిగిలిపోయింది. వానలు మొదలయ్యాక ఒకరోజు ప్రత్యూష గోనెసంచి ఈడ్చుకుంటూ మా గుమ్మం ముందుకి వచ్చింది.

"పిన్నీ, సబ్ బోల్ రహే హైఁ జలా దో అని. అమ్మ చీరలు. కాల్చడం నా వల్ల కాదు. ఇంట్లో పెట్టుకోవడం కూడా నా వల్ల కాదు," అంది.

బుజ్జమ్మ సంచి విప్పింది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. ఒక్కో చీరా బయటకు తీసి, ఇది ఫలానా పెళ్ళిది, ఇది ఫలానా ఏడు పైడితల్లమ్మ పండక్కి ఊరెళ్ళినప్పటిది అని పేరుపేరునా చెప్పింది. ప్రత్యూషకి అందులో సగం తెలియవు. తల్లి పోయాక మొదటిసారి ఆ పిల్ల గట్టిగా ఏడ్చింది. బుజ్జమ్మ ఆ చీరల్ని మూడుసార్లు ఉడకబెట్టి ఉతికి, ఎండబెట్టి, నేల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది.

ఆ బొంత కుడుతుంటే చూసినవాళ్ళు తమ మూటలు తెచ్చారు. ముందు కాలనీలోని తెలుగు ఆడవాళ్ళు, తర్వాత వాళ్ళకి తెలిసినవాళ్ళు. నేను రిటైరయ్యి మేము రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు తీసుకునేసరికి, ప్రతి గురువారం భోజనాలయ్యాక మా ముందుగదిలో పదిహేనుమంది. బుజ్జమ్మ ఎవరికీ పాఠం చెప్పలేదు. ఒక్కటే నియమం పెట్టింది. గుడ్డ తెచ్చినవాళ్ళు అది ఎవరిదో చెప్పాలి. ఆ మనిషి గురించి ఒక్క మాట చెప్పాలి. మంచే చెప్పక్కర్లేదు, నిజమైతే చాలు. ఒకామె తన అత్త పంచదార దాచుకుని దొంగతనంగా తినేదని చెప్పి పగలబడి నవ్వింది, మరుక్షణం కళ్ళు తుడుచుకుంది. ఇంకొకామె, మా ఆయన నన్ను కొట్టేవాడు అంది. బుజ్జమ్మ ఆ చొక్కా గుడ్డ తీసుకుని, "దీన్ని అంచుకి వేద్దాం, మధ్యలో వద్దు" అని హిందీలో చెప్పింది.

తఖత్‌పూర్ నుంచి ఫూల్‌బాయి అనే మనిషిని వాళ్ళ చెల్లెలు పట్టుకొచ్చింది. మొగుడు పోయాక ఏడాదిన్నరగా మాటలేదు. బుజ్జమ్మ మాట్లాడమనలేదు, కుట్టమనలేదు. సూదుల్లో దారం ఎక్కించే పని అప్పజెప్పింది, కళ్ళద్దాలవాళ్ళు ఎక్కువ కాబట్టి అది నిజంగానే పని. రెండు నెలలు బస్సులో వచ్చి ఆమె సూదులు ఎక్కించి వెళ్ళింది. ఒక గురువారం, మూటలోంచి ఎర్రగళ్ళ తువ్వాలు తీసి నేల మీద పెట్టి, "యే మోర్ ఆద్మీ కే గమ్ఛా ఆయ్," అంది. ఇది నా మగడి తువ్వాలు అని. గదిలో అందరూ సూదులు ఆపేశారు. ఇప్పుడు ఆమె తఖత్‌పూర్‌లో బుధవారాలు ఇలాంటి గదే నడుపుతోంది. నోరు మూతపడదని వాళ్ళ చెల్లెలే ఫిర్యాదు చేస్తోంది.

మరి ఈ గురువారాల్లో నేనేం చేస్తున్నాను? టీ పెడుతున్నాను. చాపలు పరుస్తున్నాను, కప్పులు కడుగుతున్నాను. ఆడవాళ్ళందరూ నన్ను చూసి, "భగవాన్ ఐసా పతి సబ్‌కో దే" అంటారు, ఇలాంటి మొగుణ్ణి దేవుడు అందరికీ ఇవ్వాలని. అన్నప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి పోతాను. బుజ్జమ్మ చేతుల మీద ఇంతమంది తేరుకున్నారు. ఆమె మాత్రం, మొట్టమొదట పరిచిన అప్పయమ్మ బొంతను ఇంకా పూర్తిచేయలేదు. అంచులయ్యాయి, మల్లెతీగ అయింది, షెడ్డు అయింది, మధ్యలో మాత్రం జానెడు చదరం ఖాళీ. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. దిగులు అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునేవాణ్ణి, అడిగితే మాట ఎటు పోతుందో అని ఊరుకున్నాను.

నెల క్రితం భాస్కరరావు గారు వచ్చి, ఉగాదినాడు వేదిక మీద ఆ మొదటి బొంతనే పెడదామన్నారు. నేను టీ తెస్తున్నాను.

"అది ఇవ్వను బాబూ. అది అవ్వలేదు," అంది బుజ్జమ్మ.

"ఇంకా రెండు నెలల టైముంది కదమ్మా. అయిపోదూ?"

"అవ్వదు బాబూ. మా అప్పయమ్మ నామీద కోపంతో ఎల్లిపోనాది. ముప్పయ్యైదేళ్ళు గోడమీద గిన్నెట్టిన మనిషి, సచ్చిపోయేటప్పుడు ఎట్టలేదు. ఈయన్ని రోజూ అడిగినాను, ఉందేటి, ఉందేటని. లేదు. ఆకలేసినా నన్నడగకూడదనుకున్నాది. నానేటి తప్పు సేసినానో, ఎంత తలుసుకున్నా తెలీట్లేదు. కోపంతో పోయిన మనిషి బొంత మజ్జిలో నానేటి కుట్టగలను సెప్పండి?"

టీ పళ్ళెం గుమ్మంలోనే కింద పెట్టేశాను. ఆమె బాధ స్నేహితురాలు పోయినందుకనే నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. స్నేహితురాలు తనను వద్దనుకుని పోయిందని ఆమె నాలుగేళ్ళుగా నమ్ముతోంది. నా ఒక్క మాట మీద నమ్ముతోంది. ఆమెకి ఆయాసం రాకుండా కాపాడానని చెప్పుకుంటూ, ఆమె గుండెల మీద నేనే రాయి పెట్టాను. ఆయన వెళ్తూ వెళ్తూ, "మీరైనా నాలుగు పేజీలు రాయండి సూర్యం గారూ" అన్నాడు. తల ఊపాను.

రాయడానికి కూర్చున్నాననీ, ఏప్రిల్ దగ్గర ఆగిపోయాననీ ముందే చెప్పాను. మూడోసారి ఆగినరోజు శుక్రవారం. మధ్యాహ్నం బుజ్జమ్మ వరండాలో కూర్చుని పాత చీర అంచులోంచి దారాలు లాగుతోంది. కాగితాలు పక్కన పెట్టి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నేను నేల మీద కూర్చోవడం చూసే ఆమె పని ఆపింది.

"గిన్నె ఉంది," అన్నాను.

"ఏ గిన్ని?"

"అప్పయమ్మ గిన్నె. గోడ మీద పెట్టింది. నేనే అటు తోసేశాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఎన్నోరోజు?"

"రెండోరోజు. బుధవారం."

"ఎల్లకిలా ఉందా?"

"వెల్లకిలానే."

"పిల్లి అన్నావు."

"అవును."

"నీ మాట నమ్మి, సచ్చిపోయినదాని మీద నానూ కోపం తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళు. నన్నడగలేదేటే, నీకంత పొగరేటే అని దాన్ని తిట్టుకున్నాను." చేతిలోని దారపు పోగుల్ని జాగ్రత్తగా ఉండ చుట్టింది. "దాని పిల్లకి నువ్వే సెప్పాల. గురారం. అందరి ముందరా."

అంతే. ఆ తర్వాత నాతో మాట లేదు. నాకు అన్నం పెట్టింది, చొక్కా మడతపెట్టింది, మాట మాత్రం లేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోలేదు. అప్పటిదాకా నాలో ఒక్కడిలోనే ఉన్నది ఇప్పుడు ఇల్లంతా ఉంది.

గురువారం నేను టీ పెట్టలేదు. పెట్టెలోంచి నా తెల్లకోటు తీసి, తీసుకెళ్ళి అందరి మధ్యా నేల మీద పెట్టాను. గార్డులకి తెల్ల యూనిఫారం. ఎంత ఉతికినా దాని జేబుల్లో బొగ్గు నలుపు పోదు.

"అరే భయ్యా, ఆప్ తో జిందా హైఁ!" అని ఒకామె నవ్వింది. బతికున్నవాళ్ళ బట్ట ఇక్కడికెందుకు అని.

గుడ్డ ఎవరిదో చెప్పాలి, ఒక్క నిజం చెప్పాలి. నాది అని చెప్పాను. అందరికీ అర్థమయ్యేట్టు హిందీలోనే మొత్తం చెప్పాను, గిన్నె, జెండా కర్ర, పిల్లి, నా భయం. ప్రత్యూష కిటికీ పక్కన కూర్చుంది. ఆఫీసులో ఒకపూట సెలవు పెట్టి వస్తుందామె, ప్రతి గురువారం. నేను చెబుతున్నంతసేపూ ఆమె సూది కదులుతూనే ఉంది. చివరికి ఆగింది.

"ఆ గిన్నె నాకు దొరికింది బాబాయ్," అంది. "పెరట్లో. సొట్ట పడి ఉంది. నేను హాస్పిటల్ నుంచి రోజూ ఫోన్‌లో అరిచేదాన్ని, బయటికి వెళ్ళకు, ఎవర్నీ కలవకు, పిన్నిని కూడా పిలవకు అని. అమ్మ నామీద గుస్సాతో గిన్నె విసిరికొట్టిందనుకున్నా. మైనే సోచా, అమ్మా కీ ఆఖ్‌రీ చీజ్ వహీ థీ. అమ్మ నాకు మిగిల్చిన ఆఖరిది, నామీద కోపం." నాలుగు వేళ్ళు చూపించింది. "చార్ సాల్ బాబాయ్."

నేను ఒక మనిషికే అన్యాయం చేశాననుకున్నాను, తర్వాత ఇద్దరికి అనుకున్నాను. లెక్క అప్పటికీ తప్పింది. తల వంచుకుని, "నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదమ్మా" అన్నాను. ఆమె సూదిని గుడ్డకి గుచ్చి, సంచి తీసుకుని బయటకు వెళ్ళిపోయింది. స్కూటరు శబ్దం వీధి మలుపుదాకా వినిపించింది. ఎవరూ నా మొహం చూడలేదు. ఫూల్‌బాయి మాత్రం లేచివెళ్ళి టీ పెట్టింది, నా ముందు కూడా ఒక కప్పు పెట్టింది.

ఆ వారం ఎలా గడిచిందో రాయను. భాస్కరరావు గారు ఫోను చేసి నాలుగు పేజీలేమయ్యాయన్నారు. రాస్తున్నానండి అన్నాను. బుజ్జమ్మ పక్కగదిలో అప్పయమ్మ బొంత విప్పి, ఆ ఖాళీ చదరం ముందు కూర్చునేది. ఒకసారి తనలో తను "ఒలే, అడిగినావన్నమాట" అనుకోవడం వినిపించింది. ఆ గొంతులో ఏడుపుంది, ఈ నాలుగేళ్ళలో నేను వినని తేలిక కూడా ఏదో ఉంది. గుమ్మం దగ్గరే ఆగిపోయి వెనక్కి వచ్చేశాను.

మళ్ళీ గురువారం. ప్రత్యూష రాదనుకున్నాను. అందరికంటే ముందు వచ్చింది. సంచిలోంచి స్టీలు గిన్నె తీసింది. ఒకవైపు సొట్ట. అప్పయమ్మ బొంతను గది మధ్యలో పరిపించి, ఆ ఖాళీ చదరం మీద గిన్నె పెట్టి, నావైపు చూసింది.

"మీ కోటు తెండి బాబాయ్. దీని చుట్టూ గీసి కత్తిరించండి. కుట్టేది కూడా మీరే."

"నాకు కుట్టడం రాదమ్మా."

"సీఖ్ లీజియే," అంది. నేర్చుకోమని.

కోటు తెచ్చాను. సుద్దముక్కతో గిన్నె చుట్టూ గీశాను, సొట్ట దగ్గర గీత కూడా లోపలికి వంగింది. కత్తిరించాను. బుజ్జమ్మ నాకెదురుగా, తన పని తను చేసుకుంటూ కూర్చుంది. మాట ఆగి అప్పటికి పదమూడు రోజులు. ఫూల్‌బాయి నాకు సూది ఎక్కించి ఇచ్చింది. వేళ్ళు పొడుచుకుంటూ, వంకర టింకరగా, గంటన్నరసేపు కుట్టాను. తెల్లగుడ్డ మీద రెండుచోట్ల రక్తపు చుక్కలయ్యాయి. ఇంకో రోజైతే ఆడవాళ్ళు నవ్వుదురు. ఆరోజు ఎవరూ నవ్వలేదు.

చివరి ముడి వేసి దారం తెంపాను. ప్రత్యూష వంగి చూసింది. వేలితో గిన్నె అంచు తడిమింది, సొట్ట దగ్గర కాసేపు ఆగింది.

"బాబాయ్," అంది నెమ్మదిగా, "ఈసారి కూడా మా అమ్మకి ఖాళీ గిన్నే పంపుతారా?"

నాకు కళ్ళ ముందు బొంత కనిపించలేదు. తలెత్తి బుజ్జమ్మని అడిగాను.

"ఏం పెట్టాలే?"

ఆమె కుడుతున్న దారం పంటితో తెంపింది. పక్కనున్న మూటలోంచి అప్పయమ్మ పాత నేతచీర ముక్క, గంజి రంగుది, తీసి నా ఒళ్ళోకి విసిరింది.

"గంజి," అంది. "ఉప్పేసి పెట్టు."

ఉప్పు ఎలా కుడతారో నాకు తెలియదు. ఆమెను అడగలేదు. సూదిలోకి మళ్ళీ దారం ఎక్కించాను.